కటకం అంటే కడియం

తెలుగు మీడియంలో భౌతికశాస్త్రం చదివినవాళ్లకి కటకం అనగానే నల్లబల్ల మీద గీసిన బొమ్మ ఒకటి గుర్తొస్తుంది. వీపులు ఎడంగా పెట్టిన రెండు వంపు గీతలు, వాటి నడుమ నుంచి పోయే ప్రధానాక్షం, ఆ అక్షం మీద చుక్క పెట్టి రాసిన నాభి. గాజుముక్కని కటకం అని ఎందుకన్నారని అడిగే పిల్లలు అరుదు. చెప్పే పుస్తకం నాకింతవరకు కనబడలేదు.

పావగడ తాలూకా బలసముద్రం లాంటి ఊళ్లో ఈ ప్రశ్న దానంతటదే పుట్టాలి. తుమకూరు జిల్లాలో ఉన్నా పావగడని మూడు వైపులా ఆంధ్ర నేల చుట్టుకుని ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం అక్కడ మామూలు సంగతి. బలసముద్రం బడిలో కన్నడ సైన్సు పుస్తకం తెరిస్తే లెన్సుకి 'మసూర' అని ఉంటుంది. కుంభాకారానిది పీన మసూర, పుటాకారానిది నిమ్న మసూర. పొలిమేర దాటి మడకశిర వైపు వెళితే అదే తరగతి, అదే పాఠం, అదే బొమ్మ. మాట మాత్రం కటకం. రెండూ సంస్కృతం నుంచి తెచ్చుకున్నవే. ఇరుగు పొరుగు భాషలు ఒకే కోశాగారంలోకి చెయ్యి పెట్టి చెరొక మాట ఎందుకు తీసుకున్నాయో చూద్దాం.

మసూర దారి సులువుగా దొరుకుతుంది. మసూరం అంటే పప్పుగింజ. మన వంటిళ్లలో ఎర్ర కందిపప్పు అనీ, మైసూరు పప్పు అనీ అంటాం. మసూరమే నోళ్లలో నలిగి మైసూరైందని నేననుకుంటాను. లాటిన్‌లో ఆ గింజ పేరు లెన్స్. రెండు వైపులా ఉబ్బి అంచుల్లో పలచబడే ఆకారం కాబట్టి గాజుబిళ్లకి ఆ పేరు పెట్టారు. అరబ్బీలో అదసా, జర్మన్‌లో లిన్సె, చెక్ భాషలో చోచ్కా. అన్నింటికీ అర్థం ఆ గింజే, గాజుబిళ్లా అదే. కన్నడ పండితులు ఆ లోకమర్యాదనే పాటించి, గింజకి సంస్కృతంలో ఉన్న పేరు పెట్టారు. ఒక్క ఇబ్బంది ఉంది. నిమ్న మసూర అంటే లోపలికి గుంట పడిన పప్పుగింజ. అలాంటి గింజ ఏ చేలోనూ పండదు. పేరు ఉబ్బిన ఆకారానికి కట్టుబడిపోయింది, వస్తువు అంతటితో ఆగలేదు.

కటకానికి ఆ కట్టుబాటు లేదు. అమరకోశంలో చేతి ఆభరణాల దగ్గర చూస్తే కటకం, వలయం పక్కపక్కనే పర్యాయపదాలుగా కనిపిస్తాయి. అంటే కడియం. హిందీ కడా, కన్నడ కడగ ఆ మాట సంతానమే. మన కడియాన్నీ ఆ కుటుంబంలోనే చేర్చి చెప్పుకోవచ్చు. ఏనుగు దంతానికి తొడిగే పొన్నుకీ కటకమే పేరు. కొండ నడుముకీ అదే పేరు, నడుముని చుట్టి వచ్చేది కనుక. రాజు దండు విడిసిన చోటు కటకం, ఆ విడిదే నిలిచిపోయి నగరమైతే అదీ కటకమే. గజపతుల కటకం అలా వచ్చింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు కృష్ణ ఒడ్డున మన ధాన్యకటకం ఉంది. ఇన్ని అర్థాల్లోనూ ఉమ్మడిగా కనబడేది చుట్టు. ఏదో ఒకదాన్ని చుట్టి, నడుమ చోటు మిగిల్చేది కటకం.

కూచిపూడి నేర్చుకునే పిల్లలకి ఇంకొక కటకం తెలుసు. అది కటకాముఖ హస్తం. చూపుడు, మధ్య వేళ్లని బొటనవేలి కొసకి చేర్చితే వాటి నడుమ చిన్న గుండ్రని సందు ఏర్పడుతుంది. దక్షిణాది కంచు విగ్రహాల్లో అమ్మవారి చెయ్యి తరచూ అలాగే ఉంటుంది. పూజారి ఏ రోజుకారోజు తాజా పువ్వు తెచ్చి ఆ సందులో గుచ్చుతాడు. ఆ చేతికి పేరు తెచ్చింది వేళ్ల నడుమనున్న ఆ ఖాళీయే.

పాఠ్యపుస్తకాల తెలుగులోకి కటకాన్ని తెచ్చినవారు ఏమనుకుని తెచ్చారో కాగితం మీద నాకు దొరకలేదు. గుండ్రటి అంచు చూసి తెచ్చి ఉంటారన్నది నా ఊహ. గాజు విషయంలో ఆ పేరు కొంచెం వదులుగానే ఉంటుంది. గాజుకటకంలో పనంతా చేసేది నడిమి గాజు, అంచు కాదు. పేరేమో అంచుది. అందుకే చాలామంది మేష్టర్లు కటకం అని బోర్డు మీద రాసి, నోటితో లెన్సు అంటారు. వాళ్లని తప్పు పట్టను. కానీ ఆ మాట తన అసలు వస్తువు కోసం ఎదురుచూస్తూ ఉందనీ, ఎక్స్-కిరణాల దగ్గరికి వెళ్లాక ఆ వస్తువు దొరికిందనీ నా నమ్మకం.

ఎక్స్-కిరణం కథ మొదలైందే కటకం లేదన్న మాటతో. 1895 నవంబరులో వుర్ట్స్‌బుర్గ్‌లో విల్‌హెల్మ్ రంట్‌గెన్ ఆ కిరణాలని కనిపెట్టాడు. డిసెంబరు 28న ఇచ్చిన మొదటి నివేదికలోనే వాటిని వంచడానికి తాను పడిన పాట్లు రాశాడు. నీరు, కార్బన్ డైసల్ఫైడ్, అల్యూమినియం, ఎబొనైట్ పట్టకాలు పెట్టి చూశాడు. నమ్మదగినంత వక్రీభవనం ఏదీ కనబడలేదు. ఎబొనైట్ లెన్సు, గాజు లెన్సు పెట్టినా కిరణాలు ఒకచోటికి చేరలేదు. స్వభావం తెలియదు కనుక బీజగణితంలో తెలియని రాశికి వాడే ఎక్స్ అక్షరాన్నే తాత్కాలికంగా పేరు పెట్టాడు. ఆ తాత్కాలికమే శాశ్వతమైంది.

తెలుగు, కన్నడం రెండూ దీన్ని క్ష-కిరణం అన్నాయి. మసూర దగ్గర విడిపోయినవి ఇక్కడ కలిశాయి. చెవికి ఇంపైన మాటే, కానీ అందులో ఎక్స్ అక్షరం ధ్వని వచ్చింది, తెలియనిదన్న అర్థం జారిపోయింది. మన బీజగణితంలో అజ్ఞాత రాశులకి పేర్లు లేకపోలేదు. భాస్కరాచార్యుడు మొదటి అజ్ఞాతాన్ని యావత్తావత్తు అనీ, తర్వాతివాటిని కాలకం, నీలకం, పీతకం, లోహితం అనీ రంగుల పేర్లతో పిలిచాడు. తెలియనిదాన్ని రంగుతో గుర్తుపట్టే సంప్రదాయం ఉన్న దేశంలో, కంటికి ఏ రంగూ ఆనని వెలుగుకి ఆ వరసలోని పేరు పెట్టి ఉంటే ఎంత బాగుండేదో! అది జరగలేదు. క్ష-కిరణం ధ్వనిని తెచ్చుకుని అర్థాన్ని వదిలేసిన మాట. కటకం అలా కాదు. పెట్టినవారు తలచినదానికన్నా ఎక్కువ అర్థం దాని లోపల ఉంది.

ఈ కిరణాల వెంట జీవితమంతా నడిచిన తెలుగువాడు ఒకరున్నారు. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. సన్యసించి, హిమాలయాల్లో తపస్సు చేసి, స్వామి జ్ఞానానంద అయ్యారు. 1920ల చివర్లో జర్మనీ వెళ్లారు, అక్కడ భౌతికశాస్త్రం ఆయన్ని పట్టుకుంది. ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో వాక్లావ్ డొలెయ్‌షెక్ దగ్గర ఎక్స్-కిరణ వర్ణపటాల మీద పనిచేసి డాక్టరేటు పొందారు. ఆ గురువు సామాన్యుడు కాడు. ఎక్స్-కిరణ వర్ణపటాల్లో ఎన్-శ్రేణిని 1922లో గుర్తించినవాడు. నాజీల ఆక్రమణలో గెస్టపో అరెస్టు చేయగా 1945 జనవరిలో టెరెజీన్ చెరలో చనిపోయాడు. శిష్యుడు అప్పటికే లివర్‌పూల్ వెళ్లి, న్యూట్రాన్‌ని కనిపెట్టిన జేమ్స్ చాడ్విక్ దగ్గర పనిచేసి, అక్కడి నుంచి అమెరికా చేరారు. 1947లో న్యూయార్క్‌లో ఆయన పుస్తకం 'హై వేక్యువా' అచ్చయింది. స్వదేశం వచ్చాక విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుకేంద్ర భౌతికశాస్త్ర పరిశోధనశాలలని నిలబెట్టారు. 1969లో కన్నుమూశారు.

ఆ పుస్తకం శూన్యం గురించి. ఎక్స్-కిరణాల మనిషి శూన్యం మీద అంత పుస్తకం రాయడం దారి తప్పడమేమీ కాదు. తరంగదైర్ఘ్యం ఎక్కువున్న మృదువైన ఎక్స్-కిరణాలని జానెడు గాలి కూడా మింగేస్తుంది. గొట్టంలోంచి గాలి తీసెయ్యనిదే కొలవడానికేమీ మిగలదు. సన్యాసి శూన్యం మీద పుస్తకం రాశాడనగానే వేదాంతం వైపు లాగబుద్ధవుతుంది. నేను లాగను. ఆయన రాసింది పంపులు, ఆవిరి పీడనాలు, లీకుల గురించి. ఆ పనిలో ఆయన చూపిన శ్రద్ధే నాకు గౌరవం కలిగిస్తుంది.

ప్రాగ్‌లో ఆయన చుట్టూ వినబడిన చెక్ మాట చోచ్కా అయ్యుండాలి, దానికి ముందు జర్మనీలో లిన్సె. రెండూ పప్పుగింజలే. అయితే ఎక్స్-కిరణ వర్ణపటశాలలో అలాంటి గింజకి పనిలేదు. అక్కడ కిరణాలని విడదీసేది స్ఫటికం, 1913లో బ్రాగ్‌లు చూపిన పద్ధతిలో. 1930ల మొదట్లో యోహాన్, కోష్వా అనే ఇద్దరు వేర్వేరుగా ఆ స్ఫటికాన్ని విల్లులా వంచారు. వంచిన స్ఫటికం కిరణాలని విడదీస్తూనే ఒకచోటికి చేరుస్తుంది కూడా. యోహాన్ అమరికలో మూలం, స్ఫటికం, ఫోటో పలక మూడూ ఒకే వృత్తం మీద కూర్చోవాలి. ఎక్స్-కిరణాలని నాభికి తెచ్చిన తొలి ఉపాయాల్లోనే వలయం తొంగిచూసింది.

రంట్‌గెన్ లెన్సులు ఎందుకు ఓడిపోయాయో తర్వాత తేలింది. కంటికి కనిపించే వెలుగుకి గాజు వక్రీభవన గుణకం ఒకటిన్నర. ఎక్స్-కిరణాలకి ఏ పదార్థంలోనైనా అది ఒకటికి అతి దగ్గర. తేడా లక్షలో ఒకటి, పది లక్షల్లో ఒకటి లెక్కన ఉంటుంది. అదీ ఒకటికన్నా తక్కువ వైపు. ఇక్కడే పప్పుగింజ తలకిందులవుతుంది. ఎక్స్-కిరణాలకి గాలికన్నా లోహమే, మాటవరసకి, పలచటి యానకం. ఉబ్బిన గింజ వాటిని చెదరగొడుతుంది. కేంద్రీకరించాలంటే లోపలికి గుంట పడిన ఆకారం కావాలి. మసూర, లెన్స్, లిన్సె, చోచ్కా, అదసా అన్నీ ఏ ఆకారాన్ని చూసి పుట్టాయో ఆ ఆకారం ఈ లోకంలో పనికిరాదు.

గుణకం ఒకటికన్నా తక్కువ కావడంతో ఇంకొక దారి తెరుచుకుంది. నీటిలోంచి వచ్చే కాంతికి సంపూర్ణాంతర పరావర్తనం మనకి తెలిసిందే. ఎక్స్-కిరణాలకి అది బయటి నుంచే జరుగుతుంది. నున్నటి లోహతలాన్ని ఒక డిగ్రీకన్నా తక్కువ కోణంలో రాసుకుంటూ పోతే పూర్తిగా వెనక్కి మళ్లుతాయి. ఆర్థర్ కాంప్టన్ 1920ల మొదట్లో దీన్ని చేసి చూపించాడు. 1948లో స్టాన్‌ఫర్డ్‌లో పాల్ కర్క్‌పాట్రిక్, ఆయన విద్యార్థి ఆల్బర్ట్ బేజ్ రెండు వంపు అద్దాలని ఒకదానికొకటి లంబంగా నిలిపారు. ఒకటి నిలువుగా చేరుస్తుంది, ఇంకొకటి అడ్డంగా. ఎక్స్-కిరణ సూక్ష్మదర్శిని అనదగిన పరికరం అలా మొదలైంది. నేటికీ సింక్రొట్రాన్లలో ఆ అద్దాలకి వాళ్లిద్దరి పేర్లే. బేజ్ ఆయుధాల పరిశోధన వద్దనుకుని బోధన వైపు వెళ్లి, యునెస్కోలో విజ్ఞానశాస్త్ర విద్య బాధ్యత చూశాడు. గాయని జోన్ బేజ్ ఆయన కూతురు.

అద్దాలని కటకాలు అనలేం. కానీ 1952లో హాన్స్ వోల్టర్ ఆ అద్దాన్ని గొట్టంలా చుట్టాడు. ఎక్స్-కిరణాలు గొట్టం లోపలి గోడని రాసుకుంటూ పోయి అవతల నాభి దగ్గర కలుస్తాయి. ఆయన దాన్ని తలపెట్టింది సూక్ష్మదర్శిని కోసం. దాన్ని ఎక్కువగా వాడుకున్నది ఖగోళశాస్త్రం. ఒక గొట్టం పట్టుకునే వెలుగు కొంచెమే కాబట్టి ఒకదానిలో ఒకటి ఇమిడేలా అనేక గొట్టాలు అమరుస్తారు. 1999లో పైకి వెళ్లిన చంద్ర అనే ఎక్స్-కిరణ దూరదర్శినిలో అలాంటివి నాలుగు జతలు, అన్నిటికన్నా పెద్దదాని వ్యాసం 1.2 మీటర్లు. మన ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లింది. అందులోని మృదు ఎక్స్-కిరణ దూరదర్శినిలో పలచటి అల్యూమినియం రేకు అద్దాలు వలయం లోపల వలయంగా ఉన్నాయి, వాటి మీద బంగారు పూత. బంగారు కడియాల వరస అది. అమరకోశం అర్థానికి ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

అసలైన కటకం మాత్రం ఇంకా చిన్నది. జోన్ ప్లేట్ అనే పలకని డిగ్రీ ఆప్టిక్స్‌లో చాలామంది లెక్కలాగే చదివి వదిలేసి ఉంటారు. 1875లో సోరే ప్రచురించిన ఉపాయం అది. ఒకే కేంద్రం చుట్టూ వలయాలు, ఒకటి వెలుగుని ఆపుతుంది, పక్కది వదులుతుంది. వదిలిన వలయాల నుంచి వచ్చే తరంగాలు నాభి దగ్గరికి లయ తప్పకుండా చేరతాయి. ఆపినవి ఆ లయని చెడగొట్టేవి. కేంద్రం నుంచి బయటికి పోయేకొద్దీ వ్యాసార్ధం వలయసంఖ్య వర్గమూలం లెక్కన పెరుగుతుంది. అంటే అన్ని వలయాల వైశాల్యం దాదాపు సమానం, కాబట్టి బయటి వలయం వచ్చేసరికి అది దారంలా సన్నబడిపోతుంది. ఎంత చిన్నదాన్ని చూడగలమన్నది ఆ చిట్టచివరి వలయం వెడల్పు మీదే ఆధారపడి ఉంటుంది. గాజు కటకం నమ్ముకునే వక్రీభవనం ఇక్కడ అవసరమే లేదు, వివర్తనం చాలు.

కొలతలు వేసి చూద్దాం. పలక వ్యాసం 100 మైక్రోమీటర్లు, తల వెంట్రుక మందమంత. చిట్టచివరి వలయం వెడల్పు 25 నానోమీటర్లు. లెక్క కడితే ఆ వెంట్రుక మందంలో వెయ్యి వలయాలు పట్టాలి. 2.4 నానోమీటర్ల తరంగదైర్ఘ్యానికి దాని నాభ్యంతరం మిల్లీమీటరు పైచిలుకు. నికెల్‌తోనో బంగారంతోనో ఎలక్ట్రాన్ పుంజంతో గీసి ఇలాంటివి తయారుచేస్తారు. గ్యోటింగెన్‌లో గుంటర్ ష్మాల్ బృందం 1970లలో వీటితో సూక్ష్మదర్శిని నిలబెట్టింది. 2005లో బర్క్‌లీలో 15 నానోమీటర్ల వివరం చూశారు. నీరు పెద్దగా అడ్డుపడకుండా కర్బనం మాత్రం బాగా కనిపించే తరంగదైర్ఘ్యాలు ఈ ప్రాంతంలోనే ఉన్నాయి కనుక, ఎండబెట్టి రంగు పూయకుండానే కణాన్ని తడిగా ఉండగా చూడవచ్చు. పప్పుగింజ ఆకారం ఇందులో ఎక్కడా లేదు. ఉన్నదల్లా వలయాలు, వలయాల నడుమ ఖాళీలు.

మరి వక్రీభవనంతో ఏమీ కుదరదా? అది కూడా కుదిరింది. 1996లో గ్రెనోబుల్‌లో స్నిగిరెవ్ బృందం అల్యూమినియం దిమ్మలో వరుసగా 30 రంధ్రాలు తొలిచింది, ఒక్కొక్కటి 0.6 మిల్లీమీటర్లు. పక్కపక్క రంధ్రాల నడుమ మిగిలిన లోహం రెండు వైపులా గుంట పడిన ఆకారంలో ఉంటుంది. ఒక్కొక్క గుంట వంచేది లేశమాత్రం, ముప్పై కలిస్తే 1.8 మీటర్ల దూరాన నాభి. వందేళ్ల కింద కాదన్న లెన్సు వచ్చింది, కాకపోతే లోహంలో చేసింది చిల్లులు. దేవతావిగ్రహం చేతి కటకంలాగే ఇక్కడా పని జరిగేది ఖాళీ ఆకారం వల్ల.

బలసముద్రానికి ఇదంతా దూరపు సంగతి కాదు. సముద్రం అన్నది ఆ సీమలో చెరువుల పేరు, వానకి ఎదురుచూసే నేల అది. తిరుమణి, వల్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు, బలసముద్రం ఊళ్లలో రైతులు కౌలుకిచ్చిన సుమారు 13,000 ఎకరాల్లో ఇప్పుడు 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయల కౌలుతో ఒప్పందాలు మొదలయ్యాయి. ప్రపంచంలోని సౌరఫలకల్లో అధికభాగం సిలికాన్‌వి. చవక సిలికాన్‌లో ఇనుము, రాగి లాంటి మలినాలు ఉంటాయి, అవి ఎండ పుట్టించిన విద్యుదావేశాలని దారిలోనే తినేస్తాయి. 2005లో నేచర్ మెటీరియల్స్ పత్రికలో బర్క్‌లీ పరిశోధకులు ఆ మలినాలు సిలికాన్‌లో ఎక్కడెక్కడ ఎలా ఉన్నాయో కేంద్రీకరించిన ఎక్స్-కిరణాలతో వెదికి చూపారు. మలినం మొత్తం ఎంతన్నది ఒక్కటే లెక్క కాదు. అది అంతటా పలచగా పరుచుకుంటే ఎక్కువ చేటు, కొన్ని చోట్ల పెద్ద ముద్దలుగా దూరదూరంగా చేరితే తక్కువ చేటు. నిదానంగా చల్లార్చితే రెండో తీరున చేరుతుంది. సిలికాన్ కరిగించి పోసేవాళ్లకి అక్కరకొచ్చే మాట ఇది.

ఇక పేరు సంగతి. జోన్ ప్లేట్‌కి తెలుగు చేసేవాళ్లకి వలయ కటకం అనబుద్ధవుతుంది. అమరుడి లెక్కన అది ఒకే మాట రెండుసార్లు చెప్పడం. దాన్ని కటకం అంటే చాలు. విశేషణం కావలసింది గాజుదానికి, గాజు కటకం అని. మన భాషలో ఇలాంటిది ఇదివరకే జరిగింది. నూనె అంటేనే నువ్వుల నెయ్యి. మాట వేరుశెనగకీ ఆముదానికీ పాకిపోయాక నువ్వుల నూనె అని మళ్లీ చెప్పుకోవలసి వచ్చింది. కటకం కూడా గాజు దాకా పాకిన మాట. పదో తరగతి పుస్తకంలో లెన్సు పాఠం మొదట్లో ఒక్క వాక్యం కలిపితే సరిపోతుంది: కటకం అంటే కడియం, గాజుతో చేసినది అందులో ఒక రకం.